చెప్పకుండా చూడటం నేర్చుకున్నాను

ఖమ్మంలో ఒక ప్రైవేటు ఉన్నత పాఠశాలలో పదమూడేళ్లు భౌతికశాస్త్రం చెప్పాను. ఎనిమిది, తొమ్మిది, పది తరగతులు. 2022 జూన్‌లో ఆ ఉద్యోగం వదిలి హైదరాబాదుకు వచ్చి యూఎక్స్ డిజైన్‌లో చేరాను. నాతో పనిచేసిన టీచర్లు, బీఈడీలో కలిసి చదివినవాళ్లు ఇప్పటికీ ఫోను చేసి ఒకటే అడుగుతుంటారు: "మేమూ అలా మారవచ్చా? ఏ కోర్సు చేయాలి?" కోర్సు పేరు చెప్పడానికి నిమిషం చాలు. కానీ నాకు అసలు కష్టం కోర్సులో ఎదురుకాలేదు. అది ఫోనులో చెప్పి ముగించే సంగతి కాదు కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

యూఎక్స్ అంటే యూజర్ ఎక్స్‌పీరియన్స్. ఒక యాప్‌నో, యంత్రాన్నో, దరఖాస్తు ఫారాన్నో వాడే మనిషి ఎక్కడ తడబడుతున్నాడో గమనించి, ఆ తడబాటు లేకుండా దాన్ని మార్చే పని. డోనాల్డ్ నార్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1993లో ఆపిల్‌లో చేరినప్పుడు తన హోదాలోనే ఈ మాట పెట్టుకున్నారు. ఆ తరువాతే ఇది అందరి నోళ్లలో పడింది. ఈ చరిత్ర నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అంతకన్నా ముందే తెలిసింది మా బడి ప్రయోగశాలలోని స్విచ్ బోర్డు. ఒకే వరసలో ఎనిమిది స్విచ్‌లు. ఏది ఏ ఫ్యానుదో, ఏ లైటుదో ఎవరికీ గుర్తుండేది కాదు. ఎవరు లోపలికి వచ్చినా ఎనిమిదీ నొక్కి చూడవలసిందే. ఒక వేసవి సెలవుల్లో గది పటం చిన్న కాగితం మీద గీసి, ఏ మూల దీపానికి ఏ అంకె అని రాసి బోర్డు పక్కన అంటించాను. మరుసటి ఏడాది నుంచి కొత్తగా చేరిన టీచర్లు కూడా ఒక్క నొక్కుతో కావలసిన ఫ్యాను వేసుకోవడం చూసి చెప్పలేనంత తృప్తి కలిగింది. ఆ తృప్తి పేరు మీద ఉద్యోగాలు ఉంటాయని అప్పుడు నాకు తెలియదు.

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. కొన్ని నెలల తరువాత మా యాజమాన్యం ఒక యాప్ తెచ్చింది. హాజరు, హోంవర్కు, ఫీజు అన్నీ అందులోనే. మాకు జీతం సగమే ఇస్తున్నారు, పని రెట్టింపు అయింది. అయినా నన్ను ఎక్కువగా బాధించింది అది కాదు. రోజూ రాత్రి తొమ్మిది దాటాక తల్లిదండ్రుల ఫోన్లు వచ్చేవి. ఆటో నడిపే ఒక తండ్రి వరసగా మూడు రోజులు చేశారు. "మేడం, పాప రాసిందంతా ఫోటో తీసి పెట్టాను. మీకు రాలేదంటున్నారు. పాప ఏడుస్తోంది." నేను వీడియో కాల్‌లో ఆయన ఫోను తెర చూపించమన్నాను. ఫోటో ఎక్కింది. కానీ పంపాలంటే పైన కుడి మూలలో ఉన్న చిన్న టిక్కు గుర్తు నొక్కాలి. బూడిదరంగు మీద తెల్లగా ఉందది. ఆయనకు అది గుర్తులాగే కనిపించలేదు. ఫోటో ఎక్కింది కాబట్టి పని అయిపోయిందని ఫోను జేబులో పెట్టుకుంటున్నారు. ఆయన తప్పు ఏముంది అందులో? పగలంతా ఆటో నడిపి వచ్చి, ఇంట్లో ఉన్న ఒక్క ఫోనుతో బిడ్డ చదువు ఆగకూడదని తాపత్రయపడుతున్న మనిషి.

ఆ రాత్రి ఒక తెల్లకాగితం మీద ఆ తెరను ఉన్నదున్నట్టు గీశాను. టిక్కు గుర్తు ఉన్నచోట ఎర్రస్కెచ్చుతో సున్నా చుట్టి, బాణం వేసి, "ఇది నొక్కితేనే టీచరుకు చేరుతుంది" అని రాశాను. నొక్కాక ఏం కనిపించాలో పక్కన ఇంకో బొమ్మ. ఫోటో తీసి తరగతి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ముందు రోజు నలభై ఆరు మందిలో పందొమ్మిది మంది హోంవర్కు వచ్చింది. మరునాడు ముప్పై ఎనిమిది వచ్చాయి.

ఆ కాగితం చూసింది మా చిన్నాన్న కొడుకు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తాడు, లాక్‌డౌన్ వల్ల ఇంటికి వచ్చి ఉన్నాడు. కాగితం చేతిలో పట్టుకుని చాలాసేపు చూసి, "అక్కా, నువ్వు చేసిన పనికి మా ఆఫీసులో వేరే మనుషులున్నారు. దీన్ని యూఎక్స్ అంటారు" అన్నాడు. నేను పట్టించుకోలేదు. వాడు వదల్లేదు. రెండు రోజులు పోయాక తన ల్యాప్‌టాప్ తెచ్చి ఫిగ్మా తెరిచి చూపించాడు. యాప్ తెరల బొమ్మలు గీసే పనిముట్టు అది. బ్రౌజర్‌లోనే నడుస్తుంది, మొదలుపెట్టడానికి డబ్బు కట్టనక్కర్లేదు. ఆ సాయంత్రం హోంవర్కు తెరను నాకు తోచినట్టు మార్చి గీశాను. టిక్కు గుర్తు తీసేసి, కింద తెర వెడల్పంతా ఒక పెద్ద బటన్ పెట్టి, "టీచరుకు పంపండి" అని రాశాను. దాన్ని నొక్కితే "చేరింది" అనే తెర వచ్చేలా ఎలా కలపాలో వాడే చూపించాడు. నా వేలితో నొక్కాను, తెర మారింది. అప్పుడు నాకు ముప్పై మూడేళ్లు. కొత్తగా ఏదో మొదలుపెట్టాలన్న కోరిక పుట్టింది ఆ క్షణంలోనే.

చదువు సంగతి త్వరగా చెప్పేస్తాను. 2021లో గూగుల్ వాళ్ల యూఎక్స్ కోర్సు కోర్సెరా అనే ఆన్‌లైన్ చదువుల సైటులో వచ్చింది. నెలనెలా డబ్బు కట్టి చేసేది. ఇంట్లో అందరూ పడుకున్నాక రాత్రి పది నుంచి పన్నెండు వరకు కూర్చునేదాన్ని. ఎనిమిది నెలలు పట్టింది. ఇంగ్లీషు వేగం అందక ప్రతి వీడియో రెండుసార్లు చూశాను. ల్యాప్‌టాప్ పాతది, ఫిగ్మాలో పది తెరలు దాటితే ఆగిపోయేది. మావారు మారుమాట లేకుండా మెమరీ పెంచి తెచ్చారు. కోర్సు మంచిదే. పదాలు నేర్పుతుంది, పని వరస నేర్పుతుంది, చివర ఒక ధ్రువపత్రం ఇస్తుంది. ఆ ధ్రువపత్రం చూసి నన్ను ఎవరూ పిలవలేదు, అది కూడా చెప్పాలి.

చదువుతూ ఉంటే చాలా విషయాలు నాకు ముందే తెలిసినవిగా అనిపించాయి. కటకాల పాఠంలో సంజ్ఞా సంప్రదాయం అని ఒకటి ఉంటుంది. కాంతి వెళ్లే దిశలో కొలిచిన దూరం ధనాత్మకం, దానికి ఎదురు దిశలో కొలిచింది రుణాత్మకం. ప్రతి ఏడాదీ సగానికి సగం మంది వస్తుదూరానికి, అంటే కటకం నుంచి వస్తువు దాకా ఉన్న దూరానికి, రుణ గుర్తు మరచిపోయేవారు. మొదటి రెండేళ్లు "ఎన్నిసార్లు చెప్పాలి" అని కోప్పడ్డాను. మూడో ఏడాది వాళ్ల నోటుపుస్తకాలు ఇంటికి తెచ్చుకుని తప్పు ఎక్కడ మొదలవుతోందో వరసగా చూశాను. సూత్రం రాసేటప్పటికే తప్పు జరిగిపోతోంది. అంటే బొమ్మ గీసిన తరువాత, సూత్రం రాసేలోపు దిశ అనే విషయం వాళ్ల మనసులోంచి జారిపోతోంది. అప్పటి నుంచి బొమ్మ గీయగానే కాంతి దిశకు బాణం వేయించి, ఆ బాణం మొన దగ్గర ప్లస్, తోక దగ్గర మైనస్ రాయించడం మొదలుపెట్టాను. తప్పులు చాలావరకు పోయాయి. యూఎక్స్‌లో దీన్నే పెద్ద పెద్ద పేర్లతో చెబుతారు. గుర్తుంచుకోవలసిన భారం మనిషి మీద వేయకు, కళ్ల ముందు పెట్టు అంటారు. యాభై మందిలో ముప్పై మంది ఒకేచోట తప్పు చేస్తే లోపం పిల్లల్లో కాదు, చెప్పిన తీరులో ఉందని తెలిసిన ప్రతి టీచరు దగ్గరా ఈ విద్యలో సగం ఉంది. ఈ మాట నేను బలంగా నమ్ముతాను.

రెండో సగం దగ్గరే నేను బోర్లాపడ్డాను.

కోర్సులో భాగంగా ఐదుగురు మనుషులతో మన డిజైన్‌ను పరీక్షించాలి. జాకబ్ నీల్సన్ అనే నిపుణుడు 2000లో ఒక లెక్క చెప్పారు: ఒకే రకమైన వాడుకరులు ఐదుగురు ఒక డిజైన్‌ను వాడగా చూస్తే, అందులోని లోపాల్లో దాదాపు 85 శాతం బయటపడతాయని. ఐదుగురంటే ఎంత, మా వీధిలోనే దొరుకుతారు. మొదట మా పక్కింట్లో జాకెట్లు కుట్టే పిన్నిగారిని అడిగాను. ఆవిడ మనవడు మా బడిలోనే ఆరో తరగతి. నేను గీసిన ఫీజు యాప్ నమూనా ఫోనులో పెట్టి ఇచ్చి, "పిన్నీ, బాబు బస్సు ఫీజు పదిహేను వందలు కట్టాలనుకోండి. ఎలా కడతారో కట్టి చూపించండి" అన్నాను. ఇంకో ఫోనుతో వీడియో తీస్తున్నాను.

ఆవిడ ఫోను పట్టుకున్నారు. కుట్టుమిషను మీద ఇంకా దారం వేలాడుతోంది. కళ్లజోడు పైకి జరుపుకుని తెర అంతా చూశారు. వేలు "ఫీజులు" అన్నచోటికి వెళ్లింది, ఆగింది, పక్కకు వెళ్లి "నోటీసులు" నొక్కింది. అంతే, నా నోరు తెరుచుకుంది. "అది కాదు పిన్నీ, పక్కది." ఆవిడ పక్కది నొక్కారు. అందులో ట్యూషన్ ఫీజు, బస్సు ఫీజు, పరీక్ష ఫీజు ఉన్నాయి. ఆవిడ ఆలోచిస్తున్నారు. "కిందికి జరపండి, ఆ, అక్కడ." చివరికి డబ్బు కట్టే తెర వచ్చింది. "చూశారా, ఎంత సులువో!" అన్నాను. ఆవిడ కూడా నవ్వి, "నువ్వు చెబితే ఏదైనా సులువే అమ్మా" అన్నారు. ఐదుగురితోనూ ఇలాగే జరిగింది. ఐదుగురూ పని పూర్తిచేశారు. నా డిజైన్ వంద శాతం నెగ్గిందని నివేదిక రాసుకున్నాను.

హైదరాబాదులో డిజైనర్లు కలుసుకునే ఒక సమావేశంలో పరిచయమైన సీనియర్ ఒకావిడ నా పని చూస్తానని ఒప్పుకున్నారు. వీడియోలు పంపాను. వారం తరువాత ఫోను చేసి, పిన్నిగారి వీడియో పద్దెనిమిది నిమిషాలుంటే అందులో పదకొండు నిమిషాలు నేనే మాట్లాడానని చెప్పారు. గడియారం పెట్టి లెక్కవేశారట. "మీరు పరీక్ష చేయలేదండీ. పాఠం చెప్పారు. రేపు ఆవిడ ఇంట్లో ఒంటరిగా ఫీజు కట్టేటప్పుడు పక్కన మీరు ఉండరు కదా."

ఆ మాటకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పదమూడేళ్లు నేను దేన్ని నా బలం అనుకున్నానో అదే ఇక్కడ అడ్డుగా నిలబడింది. పిల్లవాడు తికమకపడితే వెంటనే అందుకుని దారి చూపడమే మంచి టీచరు లక్షణమని నమ్మాను. ఇక్కడ ఆ తికమకే కావాలి. అది ఎంతసేపు ఉంటుందో, అందులోంచి మనిషి తనంతట తానే ఎటు అడుగు వేస్తాడో చూడాలి. నేను చేయి అందిస్తే అది కనిపించకుండా పోతుంది. పిన్నిగారి వేలు "ఫీజులు" మీద ఆగి పక్కకు ఎందుకు వెళ్లిందో నేను అడగనే లేదు. వీడియో మళ్లీ చూసి, మరునాడు వెళ్లి అడిగితే ఆవిడ చెప్పారు: "బస్సు డబ్బులు బడివాళ్లు చీటీ పంపి అడుగుతారు కదమ్మా. చీటీ అంటే నోటీసే కదా, అందులో ఉంటుందనుకున్నాను." ఎంత సరైన ఆలోచన! ఆవిడ పొరపడలేదు. బడి ఇన్నేళ్లుగా ఆవిడకు నేర్పిన పద్ధతి ప్రకారమే వెళ్లారు. నా డిజైనే ఆ పద్ధతికి అడ్డంగా ఉంది.

మాట్లాడకుండా ఉండటం నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది. ఒక ఉపాయం పనిచేసింది. మాట్లాడాలనిపించిన ప్రతిసారీ నోరు తెరవకుండా నోటుపుస్తకంలో ఒక నిలువు గీత గీసేదాన్ని. గీత పక్కనే ఆ క్షణంలో మనిషి వేలు ఎక్కడుందో రాసేదాన్ని. మొదటిసారి ఇరవై నిమిషాల్లో ముప్పై ఏడు గీతలు వచ్చాయి. తరువాత తెలిసిందేమిటంటే, ఆ గీతలే నా నివేదిక. నాకు ఎక్కడ నోరు ఆగలేదో అక్కడే డిజైన్‌లో లోపం ఉంది. టీచరుగా నాలో ఉన్న ఆత్రం వృథా కాలేదు, నోటిలోంచి కలంలోకి వచ్చింది. ఇప్పుడు నేను అడిగే మాటలు మూడే: "ఏం చూస్తున్నారు?", "ఇది నొక్కితే ఏమవుతుందనుకుంటున్నారు?", "మీరనుకున్నదే జరిగిందా?" ఎవరైనా "ఇది ఎక్కడ నొక్కాలి?" అని నన్నే అడిగితే, "నేను లేకపోతే ఏం చేసేవారు?" అని నెమ్మదిగా అడుగుతాను. మొదట్లో ఇది నాకు మర్యాద తప్పినట్టు అనిపించేది. పెద్దవాళ్లు అడిగితే చెప్పకుండా కూర్చోవడం మన అలవాటు కాదు. అందుకే మొదలుపెట్టే ముందే చెబుతాను: "ఇది మీకు పరీక్ష కాదండీ, మేం చేసినదానికి పరీక్ష. మీకు ఎక్కడ ఇబ్బంది అయితే అక్కడ మాకు మేలు."

ఇక ఉద్యోగం వెతుకులాట. మొదట నా పోర్ట్‌ఫోలియోలో, అంటే ఉద్యోగం ఇచ్చేవాళ్లకు చూపించే నా పనుల కట్టలో, భోజనం తెప్పించుకునే ఒక పెద్ద యాప్‌కు కొత్త రూపం గీసి పెట్టాను. కోర్సు చేసినవాళ్లందరూ అదే చేస్తారు. సీనియర్ గారు దాన్ని తీసేయమన్నారు. "మీకు మాత్రమే తెలిసినది పెట్టండి." దాని స్థానంలో ఎర్రస్కెచ్చు కాగితం కథ పెట్టాను. పిన్నిగారి నోటీసు కథ పెట్టాను. మూడోది ప్రోగ్రెస్ కార్డు. వేలిముద్ర వేసే తల్లులు ఆ కార్డులో ర్యాంకు అంకె ఒక్కటే చూసి బిడ్డను కొట్టడం నేను కళ్లారా చూశాను. చదవలేని తల్లికి కూడా, బిడ్డ పోయినసారికన్నా మెరుగుపడ్డాడా లేదా అన్నది మెట్ల బొమ్మలో తెలిసేలా ఆ కార్డును మళ్లీ గీశాను. ముగ్గురు తల్లులకు చూపించాను. ఒకావిడ, "మావాడు లెక్కల్లో ఒక మెట్టు ఎక్కాడు" అని తానే అంది. తరువాత ఇంటర్వ్యూల్లో అందరూ ఎక్కువసేపు అడిగింది ఈ మూడోదాని గురించే.

అరవైకి పైగా దరఖాస్తులు పంపితే ఆరు ఇంటర్వ్యూలు వచ్చాయి. ఒకచోట, "పదమూడేళ్ల అనుభవం అంటున్నారు, కానీ ఈ రంగంలో సున్నా కదా" అన్నారు. బాధపడ్డాను, కానీ అది నిజమే. ఇంకోచోట ఆసుపత్రి లిఫ్టుకు బటన్లు డిజైన్ చేయమన్నారు. నేను వెంటనే బోర్డు దగ్గరికి వెళ్లి గీయడం మొదలుపెట్టాను. బోర్డు కనిపిస్తే నా చేయి ఆగదు. లిఫ్టులో స్ట్రెచర్ వస్తుందా, చూపులేనివాళ్లు వస్తారా, చేతిలో సెలైన్ సీసా పట్టుకున్న బంధువు ఏ చేత్తో నొక్కుతాడు అని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆ ఉద్యోగం రాలేదు. మరోసారి ఇలాంటిదే వచ్చినప్పుడు మొదటి పది నిమిషాలు సుద్దముక్క ముట్టుకోకుండా ప్రశ్నలే అడిగాను. ఆరునెలల ఇంటర్న్‌షిప్ ఇచ్చారు. వెంటనే చేరమన్నారు. అది 2022 మార్చి.

నేను చేరలేదు. జూన్ దాకా ఆగమని అడిగాను. ఆ ఏడాది తెలంగాణలో పదో తరగతి పరీక్షలు మే 23న మొదలై జూన్ 1న ముగిశాయి. అంతకుముందు రెండేళ్లూ కరోనా వల్ల పరీక్షలు సరిగా జరగనేలేదు. ఆ పిల్లలు ఎనిమిదో తరగతి చివర, తొమ్మిదో తరగతి చాలావరకు ఫోనులోనే చదివారు. జీవితంలో మొదటి పెద్ద పరీక్షకు వెళ్లబోతుంటే నడిమధ్యలో వదిలి రావడం నావల్ల కాలేదు. కంపెనీవాళ్లు రెండు రోజులు ఆలోచించి సరేనన్నారు. ఒప్పుకోకపోయినా నేను ఆగేదాన్నే.

డబ్బు సంగతి దాచకుండా చెబుతాను, ఎందుకంటే అడిగేవాళ్లకు ఇదే ముఖ్యం. బడిలో నా చివరి జీతం ఇరవై ఒక్క వేలు. ఇంటర్న్‌షిప్‌లో నెలకు పదిహేను వేలు ఇచ్చారు. అందులో ఏడున్నర వేలు కొండాపూర్‌లో హాస్టలుకే. మావారి ఉద్యోగం ఖమ్మంలో, ఎనిమిదేళ్ల పాప అత్తగారి దగ్గర. శనివారం సాయంత్రం సికింద్రాబాదులో శాతవాహన రైలు ఎక్కి రాత్రికి ఇల్లు చేరి, ఆదివారం రాత్రి బస్సులో తిరిగి వచ్చేదాన్ని. అత్తగారు ఒక్కరోజు కూడా "ఎందుకు వచ్చిన తిప్పలు" అనలేదు. "ఆరునెలలే కదా, నేను చూసుకుంటాను" అన్నారు. ఆవిడ ఆ మాట అనకపోయి ఉంటే ఈ కథ లేదు. ఇంట్లో ఆసరా లేనివాళ్లకు నేను ధైర్యం చెప్పి పంపలేను. కనీసం ఏడాది ఖర్చులు చేతిలో ఉంచుకోకుండా బడి వదలవద్దని గట్టిగా చెబుతాను. ఆరునెలలయ్యాక అక్కడే ఉద్యోగం ఇచ్చారు, జీతం బడి జీతానికి రెట్టింపు పైనే. 2023 తరువాత కొత్తవాళ్లను తీసుకోవడం బాగా తగ్గింది. నా వెనక వచ్చిన ఇద్దరు టీచర్లు ఇంకా ప్రయత్నిస్తూనే ఉన్నారు.

మా కంపెనీ చిన్న దుకాణాలవాళ్లు అరువులు, జమలు రాసుకునే యాప్ చేస్తుంది. తెలుగు రూపం బాధ్యత నాకు వచ్చింది. టీచరుగా పనిచేయడం ఇక్కడ ఎంత కలిసివచ్చిందో చెప్పలేను. తెరలన్నీ మొదట ఇంగ్లీషు కోసం గీసినవి. ఇంగ్లీషు అక్షరం పైన, కింద పెద్దగా చోటు అడగదు. తెలుగుకు పైన గుడి, కింద ఒత్తు. దుకాణం పేరు "శ్రీలక్ష్మి కిరాణా" అని కొడితే, వరసల మధ్య చోటు చాలక లక్ష్మి కింద ఉన్న ఒత్తులు సగానికి తెగిపోయేవి. దుకాణం పేరులో లక్ష్మి ఎంతమందికి ఉంటుంది! ఉదయం దీపం పెట్టి తెరిచే దుకాణం పేరు తెర మీద తెగిపోయి కనిపిస్తే ఆ మనిషికి ఎలా ఉంటుంది? అది చిన్న లోపమని ఆఫీసులో వాదించినవాళ్లకు నేను "స్త్రీ", "లక్ష్మి", "రాష్ట్రం" అని బోర్డు మీద పెద్దగా రాసి, కింది సగం చేత్తో చెరిపి చూపించాను. వరస ఎత్తు పెంచడానికి ఒప్పుకున్నారు.

మాటలతో ఇంకా పెద్ద పని పడింది. వివరాలు పంపే బటన్ మీద "సమర్పించు" అని ఉండేది. సూర్యాపేటలో ఒక దుకాణదారుడు అది చూసి, "సమర్పించడం దేవుడికి కదమ్మా, మీకెందుకు?" అని అడిగారు. నిజాయితీగానే అడిగారు. "పంపండి" అని మార్చాం. ఒక లెక్కను కొట్టివేసేచోట "ఈ పద్దును రద్దు చేయాలా?" అని అడిగి కింద రెండు బటన్లు ఇచ్చారు: "రద్దు", "సరే". ఏది నొక్కితే పద్దు పోతుంది? ఏది నొక్కితే ఉంటుంది? నేను ఏడుగురిని అడిగితే నలుగురు ఒకటి చెప్పారు, ముగ్గురు రెండోది చెప్పారు. "పద్దు ఉంచండి", "పద్దు తీసేయండి" అని రాశాక ఎవరూ ఆగలేదు. క్రెడిట్‌ను "అప్పు" అని అనువదించారు. ఎవరి అప్పు? దుకాణదారుడు ఇచ్చిందా, తెచ్చిందా? వాళ్లు రోజూ వాడే మాటలు "రావలసింది", "ఇవ్వవలసింది". అవే పెట్టాం. అన్నింటికన్నా నన్ను కదిలించింది ఒక అరవై ఏళ్ల పెద్దాయన మాట. తెర మీద "పేరు రాయి", "ఇక్కడ నొక్కు" అని ఉంది. ఆయన కోప్పడలేదు. "ఫోను నన్ను నువ్వు అంటోందమ్మా" అన్నారు, అంతే. ఆ వారంలోనే మూడు వందలకు పైగా మాటలకు "అండి" చేర్చాం. పనిముట్టు కూడా మనిషితో మాట్లాడుతుంది. మాట్లాడేటప్పుడు వయసుకు తగిన గౌరవం ఇవ్వాలని మన ఇళ్లలో ఎవరూ వేరుగా నేర్పరు. తెర గీసేటప్పుడు మాత్రం దాన్ని గుర్తుచేయడానికి ఒక మనిషి ఉండాలి.

ఒక మాట. అందమైన తెరలు గీయడమే ఈ పని అనుకుని వచ్చేవాళ్లు ఆగి ఆలోచించాలి. రంగులు, అక్షరాల కొలతలు నేర్చుకోవాలి, తప్పదు. అక్షరానికీ వెనక రంగుకూ మధ్య వెలుగులో తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5కు 1 నిష్పత్తిలో ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం ఉంది. మామూలు పరిమాణంలో ఉన్న అక్షరాలకు అది వర్తిస్తుంది. మధ్యాహ్నం ఎండలో దుకాణం గట్టు మీద నిలబడి ఫోను చూసినప్పుడే ఆ అంకె ఎందుకు పెట్టారో నాకు అర్థమైంది. లేత బూడిదరంగు అక్షరాలు ఎండకు మాయమైపోయాయి. పుస్తకంలో చదివి వంటబట్టేది తక్కువ, గట్టు మీద నిలబడి నేర్చుకునేది ఎక్కువ.

బడి గుర్తుకు రాదా అని అడుగుతారు. వస్తుంది. మార్చి నెలలో ఎండ మొదలవగానే, హాల్‌టికెట్లు పంచే రోజులు గుర్తొచ్చి మనసు ఏదోలా అవుతుంది. పాత విద్యార్థులు ఫోను చేస్తే కటకాల లెక్క చెప్పేంత ఓపిక నాకు ఎప్పుడూ ఉంటుంది. ఆ ఫోన్లలో మాత్రం నోరారా చెబుతాను.

పోయిన నెల ఖమ్మంలోనే, మార్కెట్ దగ్గర ఒక కిరాణా దుకాణానికి కొత్త తెరలు పట్టుకుని వెళ్లాను. యజమానికి డెబ్బై ఉంటాయి. నన్ను బియ్యం బస్తా మీద గోనెపట్టా పరిచి కూర్చోబెట్టారు. "పోయిన నెలలో ఎవరెవరు డబ్బు కట్టలేదో చూడాలంటే ఎలా చూస్తారు?" అని అడిగి నోటుపుస్తకం తెరిచాను. ఆయన మొదటి తెర దగ్గరే ఆగిపోయారు. మేం పెట్టిన బటన్ పైన ఉంది, ఆయన చూపు కింద ఉంది. తక్కెడ పక్కన త్రాసు రాళ్లు, గోడకు వేలాడే సంచులు, ఒక పాప వచ్చి ఐదు రూపాయల బిస్కెట్లు కొనుక్కుని వెళ్లింది. ఆయన ఇంకా చూస్తూనే ఉన్నారు. నేను ఒక గీత గీశాను. రెండోది గీశాను. పక్కన కూర్చున్న మనవడు ఉండబట్టలేక, "తాతా, పైన చూడు" అన్నాడు.

"నువ్వు ఉండరా. నేనే చూస్తాను" అన్నారు ఆయన.

ఆ పైన బటన్ ఆయన ముట్టుకోనే లేదు. వెతికే గడిలోకి వెళ్లి, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ "బాకీ" అని కొట్టారు. పాతపద్దుల పుస్తకంలో ఆయన ఎప్పుడూ ఎర్రసిరాతో రాసుకునే మాట అది. తెర ఖాళీగా వచ్చింది. మేం ఆ మాటకు ఏమీ చూపించడం లేదు. ఆయన తల ఎత్తి నావైపు చూశారు. "ఇక్కడ ఉండాలి కదమ్మా?"

ఉండాలి. నోటుపుస్తకంలో "బాకీ" అని రాసి, కింద రెండుసార్లు గీత గీశాను.